లక్క సీలు పడిన గొంతు

మొన్న పేపర్లో ఒక చిన్న వార్త చదివాను. ఎవరో ఒకాయన, తన కొడుకును స్టేషన్లో కూర్చోబెట్టిన రోజు కెమెరాలో పడ్డ వీడియో చూపించమని అర్జీ పెట్టుకున్నాడట. ఆ రోజు కెమెరా పనిచేయలేదని జవాబు వచ్చిందట. చదివి పైకే నవ్వాను. ఏమైందని మా ఆవిడ అడిగితే ఏమీ లేదన్నాను. నిజానికి నాకు ఆ వార్తలోంచి కాలిన లక్క వాసన వచ్చింది. ఆ వాసన సంగతే ఇప్పుడు చెప్తాను. పోలీసు కొలువులో కొత్తగా చేరిన పిల్లలో, కోర్టు మెట్లెక్కుతున్న కుర్ర వకీళ్లో చదివితే మంచిదే. చదివి బాగుపడతారన్న ఆశ మాత్రం నాకు లేదు.

నేను పోలీసు శాఖలో సౌండ్ మెకానిక్‌గా పనిచేశాను. మైకులు, వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం, సభలు జరిగినప్పుడు వాటిని టేపు మీదికి ఎక్కించడం నా పని. లాఠీ పట్టుకున్నది తక్కువ, స్క్రూడ్రైవర్ పట్టుకున్నది ఎక్కువ. మా వాళ్లు నన్ను పోలీసుగా లెక్కచేసేవాళ్లు కాదు, బయటివాళ్లు నన్ను మెకానిక్‌గా లెక్కచేసేవాళ్లు కాదు. అట్లా ఇద్దరికీ కాకుండా ఉద్యోగమంతా గడిచింది.

ఈ పనిలోకి ఎందుకు వచ్చానో చెప్పాలి. మాది జనగామ. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి చదువుకుంటున్నాను. మేం ఎక్కడ సభ పెట్టినా వేదిక పక్కన ఒక చిన్న బల్ల వేసుకుని పోలీసు శాఖ షార్ట్‌హాండ్ ఆయన ఒకరు కూర్చునేవారు. కోస్తా నుంచి వచ్చినాయన. మా వాళ్ల మాట ఆయనకు సగమే అందేది. మిగతా సగం ఆయనే పూరించుకునేవారు. మాకంటే పెద్ద తరగతిలో ఉన్న ఒకతను ఒక సభలో పది నిమిషాలు కరువు గురించి మాట్లాడితే, ఆయన కాగితంలో అది బస్సులు కాల్చమని చెప్పినట్టు తేలింది. కరువు గురించి మాట్లాడినవాడు జైల్లో కూర్చున్నాడు. బస్సులు మాత్రం హాయిగా తిరిగాయి. అప్పుడే నాకొక పిచ్చి నమ్మకం కలిగింది. మనిషి చేతికి కాకుండా మిషన్‌కు అప్పజెప్తే ఎవరి మాట వాళ్లకు దక్కుతుందని. రేడియో రిపేరు నేర్చుకున్నాను. శాఖలో ఖాళీ పడితే దరఖాస్తు పెట్టాను, తీసుకున్నారు. మా దోస్తులు కొందరు నాతో మాట్లాడటం మానేశారు. ఎవరి మాటా తారుమారు కాకుండా చూడటానికే పోతున్నానని వాళ్లకు చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

ఎనభైల మొదట్లో నన్ను మానుకోట ప్రాంతానికి వేశారు. అప్పట్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా, ఎక్కడికంటే అక్కడికి విసిరేసేవాళ్లు. పెద్ద స్పూలు మిషన్లు పోయి చేతిలో పట్టే క్యాసెట్ రికార్డర్లు వచ్చిన రోజులవి. నేను పనిచేసిన స్టేషన్ పేరు చెప్పను, ఆనాటి వాళ్లు ఇంకా కొందరున్నారు.

ఆ స్టేషన్లో నాకు దగ్గరివాడు రైటర్ సాబ్ ఒక్కడే. స్టేషన్ రైటర్ అంటే రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబులు. ఎండిన మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. కేసు సామాన్లు భద్రపరిచే మాల్‌ఖానా ఆయన చేతిలో ఉండేది. ఆయనకున్న ఒకే ఒక్క గర్వం లక్క సీలు. కొవ్వొత్తి వెలిగించి, లక్క కడ్డీ కరిగించి, బొట్టు పడ్డాక ఇత్తడి ముద్రను నాలుకకు తాకించి తడిచేసి అదిమేవాడు. రైటర్ సాబ్ ఎంగిలి పడందే సాక్ష్యం చెల్లదని మేం ఆటపట్టించేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు. సీలు సంగతిలో నవ్వడానికేముందని ఆయన ఉద్దేశం.

దానికో కారణం ఉంది. అంతకు ముందు ఒక సారా కేసులో ఆయన సీసాకు గుడ్డ చుట్టి, పురికొసతో కట్టి, ముడి మీద చక్కగా సీలు వేశాడు. అవతలి వకీలు నిండు కోర్టులో సీలు ముట్టకుండా పురికొసను కొంచెం జరిపి, సీసాను కింది నుంచి లాగి, మళ్లీ లోపలికి తోసి చూపించాడు. అందరూ పగలబడి నవ్వారు. కేసు పోయింది. రైటర్ సాబ్ పరువు పోయింది. ఆనాటి నుంచి ఆయన గుడ్డను నమ్మడం మానేశాడు. సామాను మీదే సీలు వేసి, ఆ తర్వాత గుడ్డ చుట్టి, గుడ్డ మీద మళ్లీ వేసేవాడు. సీసా మూతికి, కత్తి పిడికి, గొడ్డలికి, చివరికి ఒక దొంగ చెప్పుల జతకు కూడా విడివిడిగా లక్క పడింది. ఎవరూ వద్దనలేదు. పై అధికారులు చూసి మెచ్చుకున్నారు కూడా.

ఇక అసలు సంగతి. ఆ సంవత్సరం పత్తి ధర పడిపోయింది. చిన్నప్పుడు సెలవుల్లో కేసముద్రంలో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే మా మేనమామ అడ్తి దుకాణంలో ఉండేవాణ్ణి కాబట్టి, ధర పడితే మార్కెట్ ఎట్లా ఉడికిపోతుందో నాకు తెలుసు. మేమున్న చోట కూడా ఒక మార్కెట్ ఉండేది. దాని గేటు ముందు రైతులు బండ్లు ఆపేసి కూర్చున్నారు. అందులో ఎక్కువమంది ఒక తండా నుంచి వచ్చినవాళ్లు. నన్ను రికార్డర్ ఇచ్చి పంపించారు. తండా నుంచి ఒక కుర్రవాడు బండి మీదికెక్కి మాట్లాడాడు. పాతికేళ్లుంటాయేమో. ముందు తెలుగులో, తర్వాత వాళ్ల లంబాడీ భాషలో. ఆ భాష నాకు మాట్లాడటం రాదు గానీ అర్థమవుతుంది, అడ్తి దుకాణంలో వినీ వినీ వచ్చింది. కూర్చోండి, ధర తేలేదాకా గేటు దగ్గర నుంచి లేవొద్దు, ఎవరి పత్తీ ముట్టొద్దు, అది కూడా మనలాంటి వాళ్లదే అన్నాడు. రెండు భాషల్లోనూ అదే. నిలబడ్డవాళ్లు కూడా అతని మాట విని కూర్చోవడం నా కళ్లతో చూశాను.

కాసేపటికి లాఠీచార్జి జరిగింది. ఎందుకు జరిగిందో, ఎవరు ఆర్డరిచ్చారో మెకానిక్‌కు ఎవరూ చెప్పరు. జనం చెల్లాచెదురయ్యారు. ఆ గందరగోళంలో యార్డు వెనక పత్తి కుప్ప అంటుకుంది. ఎవరు అంటించారో, ఎవరి బీడీ పడిందో ఈనాటికీ తెలియదు. వెనక లోడు ఎత్తుతున్న ఒక హమాలీ బస్తాలు లాగబోయి మంటల్లో చిక్కుకున్నాడు. దవాఖానలో చనిపోయాడు. అతనూ ఆ తండావాడే. బండెక్కి మాట్లాడిన కుర్రవాడికి పెదనాన్న కొడుకు.

ఆ సాయంత్రం స్టేషన్లో క్యాసెట్ మొత్తం విని చూసుకున్నాను. మాటలు స్పష్టంగా ఉన్నాయి. మా సర్కిల్ ఇన్‌స్పెక్టర్, సర్కిల్ సాబ్ దగ్గరికి పోయి, ఇందులో తగలబెట్టమన్న మాట ఎక్కడా లేదని, తెలుగులోనూ లేదు, లంబాడీలోనూ లేదని చెప్పాను. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"నువ్వు మిషన్ సంగతి చూసుకో. మాటల సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు.

చూసుకున్నారు. టేపులో ఉన్నదంతా టైపు చేసిన కాగితం తయారైంది. తెలుగు ముక్కలు చాలావరకు ఉన్నట్టే ఉన్నాయి. ఆ తర్వాత ఒకే ఒక వాక్యం: పిమ్మట ముద్దాయి లంబాడీ భాషలో, మార్కెట్‌కు నిప్పు పెట్టమని జనాన్ని రెచ్చగొట్టాడు. టైపు చేసినాయనకు లంబాడీలో ఒక్క ముక్క రాదు. సర్కిల్ సాబ్‌కూ రాదు. కింద మాత్రం ఇది టేపుకు యథాతథమైన నకలు అని ఆయన సంతకం, స్టేషన్ ముద్ర పడ్డాయి. కుర్రవాడితో పాటు గేటు దగ్గర కూర్చున్న మరికొందరి మీదా కేసు పెట్టారు. దాంతో వాళ్ల సాక్ష్యానికి విలువ లేకుండా పోయింది. అతను అట్లా చెప్పలేదని ఎవరు అనగలరు? అనగలిగినవాళ్లందరూ ముద్దాయిలే.

అంతటితో ఆగితే అది ఒక అబద్ధపు కేసు మాత్రమే అయ్యేది. సర్కిల్ సాబ్ జీపులో తండాకు పోయి, సాక్షుల కోసం జనాన్ని పోగుచేసి, ఆ కాగితం అందరి ముందూ చదివించాడు. చనిపోయిన హమాలీ తల్లి విన్నది. మరిది కొడుకు మాట వల్లే తన కొడుకు కాలిపోయాడని ఆమె మనసులో నాటుకుపోయింది. ఒకే తండా, ఒకే బావి, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఆ రోజు నుంచి ఆమె వాళ్ల వైపు ముఖం తిప్పలేదు. తండా రెండుగా చీలింది.

కుర్రవాడికి ఒక అక్క ఉండేది. మొగుడు చనిపోతే తమ్ముడి దగ్గరే ఉంటోంది. వారానికోసారి మానుకోట దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి నడిచి స్టేషన్‌కు వచ్చేది. బెయిలు అడగడానికి కాదు. తమ్ముడి గొంతు ఉన్న ఆ డబ్బాను తండాకు తెచ్చి ఒక్కసారి వినిపించమని అడగడానికి. కానిస్టేబుళ్లు వెళ్లగొడితే గేటు బయట కూర్చునేది. ఒక రోజు నేను బయటికి వస్తుంటే ఎదురొచ్చింది. ఆ రోజు మిషన్ పట్టుకున్నది నేనేనని ఆమెకు గుర్తుంది.

"సారూ, మా తమ్మునికి జైలు పడితె పడనీ. మా పెద్దమ్మ ఇననీకి ఒక్కపారి పెట్టుండ్రి. మేం చెప్తె నమ్మదు. డబ్బ చెప్తె నమ్ముతా అంటాంది" అన్నది.

అది నా చేతిలో లేదని, కోర్టుకు చేరాక నకలుకు అర్జీ పెట్టుకోమని చెప్పాను. నిజంగానే అట్లా జరుగుతుందనుకున్నాను. ఆమె ఒక వకీలును పట్టుకుని అర్జీ పెట్టుకుంది. కోర్టులో నకళ్ల విభాగం వాళ్లు నకలు అంటే కాగితాలకేనని, క్యాసెట్ అనేది కత్తిలాగా, గొడ్డలిలాగా ఒక వస్తువని, వస్తువుకు నకలుండదని చెప్పి, స్టాంపులు అతికించి ఆ టైపు కాగితానికే ఇంకో నకలు తీసి చేతిలో పెట్టారు. ఆమె ఆ కాగితాన్ని తెచ్చి నాకు చూపించింది. ఇందులో తమ్ముడి మాట ఏది, చదవమన్నది. చదివాను. చివరి వాక్యం దగ్గర ఆపేశాను. ఆమెకు అర్థమైంది. కాగితాన్ని మడిచి చీర కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. 

కానీ ఆమె పట్టు వదల్లేదు. ఆమె వకీలు కొత్తవాడు, కష్టపడేవాడు. టేపును కోర్టులో అందరి ముందూ వినిపించాలని, లంబాడీ తెలిసిన మనిషిని పిలిపించి తర్జుమా చేయించాలని పిటిషన్ వేశాడు. మెజిస్ట్రేటు ఒప్పుకున్నారు. ఆ మాట తెలిసిన రోజు నేను రికార్డర్‌ను విప్పి, తుడిచి, కొత్త సెల్స్ వేసి పెట్టుకున్నాను. ఇన్నేళ్ల కొలువుకు ఒక అర్థం దొరికిందనిపించింది.

విచారణ రోజు కోర్టు హాలు నిండిపోయింది. తండా జనం వరండా దాకా ఉన్నారు. ఒక మూలన అక్క, ఇంకో మూలన హమాలీ తల్లి. ముసలామె అంతదూరం ఎండలో నడిచి వచ్చింది. డబ్బా ఏం చెప్తుందో వినడానికే వచ్చానని బెంచి గుమాస్తాతో రెండుసార్లు చెప్పింది. కుర్రవాడు బోనులో నిలబడి పెద్దమ్మ వైపే చూస్తున్నాడు. ఆమె చూడలేదు.

మూట తెచ్చారు. గుడ్డ కత్తిరించారు. క్యాసెట్ బయటపడింది. 

రైటర్ సాబ్ తన పద్ధతి ప్రకారమే చేశాడు. క్యాసెట్‌కున్న ఐదు స్క్రూల మీద ఐదు సీళ్లు. ఎవరూ తిప్పకుండా రెండు చక్రాల బొక్కల్లో నిండా లక్క. కింద టేపు బయటికి కనిపించే నోరుంటుంది చూశారూ, దాంట్లోంచి ఎవరైనా టేపు లాగేస్తారేమోనని అక్కడ కూడా వరసగా బొట్లు. పెళ్లికూతురి పాదాలకు పారాణి పెట్టినట్టు ఎర్రగా మెరుస్తోంది. కరిగిన లక్క లోపలికి జారి టేపుకు, చక్రాలకు పట్టేసింది. ఒక మూల ప్లాస్టిక్ కూడా వంగింది. అది మిషన్లో పట్టదు. పట్టినా తిరగదు.

సీలు ఎవరు వేశారని మెజిస్ట్రేటు అడిగారు. రైటర్ సాబ్ ముందుకొచ్చి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"నేనే హుజూర్. ఇగ దీన్ని ఎవ్వలు మార్చలేరు" అన్నాడు.

ఆ ముఖంలో కపటం వెతికాను. లేదు. ఉంటే బాగుండుననిపించింది. కపటమైతే కనీసం తిట్టుకోవచ్చు. ఆయన నిజంగా ఒక మంచి పని చేశాననుకుంటున్నాడు. ఆ వెనక కుర్చీలో సర్కిల్ సాబ్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు ముందే తెలుసో లేదో నేను చెప్పలేను. తెలిసినా చేయవలసింది ఏమీ లేకపోయింది, అంతా చక్కగా రూలు ప్రకారమే అయిపోయింది.

నన్ను సాక్షిగా బోనెక్కించారు. వకీలు, దీన్ని బాగుచేయవచ్చా అని అడిగాడు. తప్పకుండా చేయవచ్చన్నాను. డబ్బా విప్పి, లక్క అంటిన కొద్ది ముక్క కత్తిరించి, మిగతా టేపును కొత్త డబ్బాలోకి ఎక్కిస్తే పాడుతుంది, ఇక్కడే మీ అందరి ముందూ చేస్తాను, గంట చాలన్నాను. ప్రభుత్వ వకీలు లేచాడు. డబ్బా విప్పాలంటే సీళ్లు పగలగొట్టాలి. సీళ్లు పగిలాక అది మా దగ్గర ఉన్న టేపేనని ఎవరు హామీ ఇస్తారన్నాడు. క్యాసెట్‌ను చేతిలో పట్టుకుని హాలంతటికీ కనిపించేలా ఎత్తి చూపించాడు. ముద్ర చెక్కుచెదరలేదు, అసలు టేపు అంటే ఇదే, ముద్ర పోయిందంటే ఇది దేనికీ పనికిరాదన్నాడు. ముసలామె పక్కవాళ్లను అడిగి ఆ మాటలు చెప్పించుకోవడం నేను బోనులోంచి చూశాను. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

సరే, టేపులో ఏముందో నీ చెవులతో విన్నావు కదా, నువ్వు చెప్పు అన్నాడు ఆ కొత్త వకీలు. కూర్చోమన్నాడండీ, ఎవరి పత్తీ ముట్టొద్దన్నాడు అని చెప్పేశాను. ప్రభుత్వ వకీలు మళ్లీ లేచాడు. టేపు ఎదురుగా ఉండగా టేపులో ఏముందో నోటితో చెప్పడం చెల్లదన్నాడు. ఆ మాట నిజమేనట, చట్టంలో ఉందట. గేటు దగ్గర స్వయంగా విన్నానంటే, లంబాడీ మాట్లాడటం రానివాడి తర్జుమా పనికిరాదన్నాడు. నేను చెప్పింది రాయొద్దని మెజిస్ట్రేటు గుమాస్తాకు చెప్పారు. టేపు ఉంది కాబట్టి నేను చెప్పకూడదు. సీలు ఉంది కాబట్టి టేపు చెప్పకూడదు. మిగిలింది సర్కిల్ సాబ్ సంతకం ఉన్న కాగితం. అది మాత్రం చెప్పవచ్చు.

మెజిస్ట్రేటు చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఏదీ తేల్చలేక క్యాసెట్‌ను పట్నంలో నిపుణుల దగ్గరికి పంపించమన్నారు. నెలల తరబడి ఎదురుచూశాం. సీళ్లు పగలగొట్టకుండా వినడం సాధ్యం కాదు, పగలగొట్టాలా వద్దా తమరే ఆదేశించగలరు అని అక్కడి నుంచి జవాబు వచ్చింది. ఈలోగా మెజిస్ట్రేటు మారిపోయారు. కొత్తగా వచ్చినాయన కాగితం చూసి తీర్పు చెప్పారు. కుర్రవాడికి జైలు పడింది.

నాకూ ఒక శిక్ష పడింది, చిన్నది. చెప్పకూడని మాటలు కోర్టులో చెప్పినందుకు జిల్లా దాటించి కాటారం పంపించారు. భూపాలపల్లి నుంచి బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అడవి అంచున ఒక గదిలో వైర్‌లెస్ సెట్లు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. అక్కడికి వచ్చాక నేను ఎవరి సభనూ రికార్డు చేయలేదు. పిలిచినా మిషన్ చెడిపోయిందని చెప్పేవాణ్ణి. బాగుచేసేవాణ్ణే చెడిపోయిందంటే ఎవరు కాదంటారు?

కొన్నేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం రైటర్ సాబ్ బస్సు దిగి, దుమ్ము దులుపుకుంటూ మా గదిలోకి వచ్చాడు. రిటైర్మెంట్ దగ్గర పడింది, మనిషి ఇంకా ఎండిపోయాడు. నీళ్లు తాగి, జేబులోంచి ఒక చేతిరుమాలు తీసి బల్ల మీద విప్పాడు. అదే క్యాసెట్. లక్క నల్లబడింది. తీరిపోయిన కేసుల సామాన్లు కాల్చేసే రోజు దీన్ని పక్కన పెట్టేశాడట. కాల్చినట్టే రాసి జేబులో వేసుకున్నాడట. ఇన్నేళ్ల కొలువులో ఒక పుల్ల కూడా ఇంటికి తీసుకుపోని మనిషి.

"సీలు నేనేసిన, తమ్మీ. తీసుడు నాతోని అయితలేదు. నువ్వు తియ్యి" అన్నాడు.

తలుపు వేసి పనిలో పడ్డాను. బ్లేడుతో లక్క గీకాను. స్క్రూలు కదల్లేదు, డబ్బాను పగలగొట్టాల్సి వచ్చింది. నోటి దగ్గర అంటుకున్న ముక్క, చక్రం దగ్గర మరో ముక్క పోయాయి. మిగతాది కొత్త డబ్బాలో ఎక్కించాను. నొక్కితే ముందు గరగరమన్నది, తర్వాత గేటు దగ్గర జనం గోల, తర్వాత ఆ కుర్రవాడి గొంతు. ఇన్నేళ్లు లక్క కింద ఉన్నా చెక్కుచెదరలేదు. తెలుగు మాటలు రైటర్ సాబ్ నోరు తెరుచుకుని విన్నాడు. లంబాడీ మాటలు వచ్చినప్పుడు ఏమంటున్నాడని అడిగాడు. కూర్చోమంటున్నాడు అన్నాను. మళ్లీ అడిగాడు. ఎవరి పత్తీ ముట్టొద్దంటున్నాడు అన్నాను. రైటర్ సాబ్ చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. 

సెలవు పెట్టి ఇద్దరం తండాకు పోయాం. అక్క ఉంది. తమ్ముడు లేడు. జైలు నుంచి వచ్చాక నాలుగు రోజులున్నాడట. పెద్దమ్మ ముఖం చూడలేక, బావి దగ్గర చూపులు భరించలేక బొంబాయి వైపు పనికి పోయాడట. ఆ తర్వాత ఒక్క కబురూ లేదు. అక్క మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టింది. మేం ఎందుకొచ్చామో చెప్పగానే లేచి గోడ అవతలికి పోయి, పెద్దమ్మను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. ఇన్నేళ్లలో ఆ గడప ఆమె దాటడం అదే మొదటిసారట. చుట్టుపక్కలవాళ్లూ చేరారు.

టేపు పెట్టాను. తమ్ముడి గొంతు రాగానే అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత ఆపుకున్నా ఆగలేదు, గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. ఆనాడు గేటు దగ్గర కూర్చున్నవాళ్లు కొందరు, అవును, ఇదే మాట అని తలలూపారు. ముసలామె ఒక్కతే కదల్లేదు. చెవి దగ్గరగా పెట్టి మొత్తం విన్నది. అయిపోయాక మళ్లీ పెట్టమన్నది. మళ్లీ పెట్టాను. రెండోసారి కూడా విని, నేను మిషన్లోంచి తీసిన డబ్బాను అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో స్క్రూలు తడిమింది. కొత్త డబ్బా, నున్నగా ఉంది.

"గీ డబ్బ కాదు. గా దినం కచేరీల సూసిన, దానికి ఎర్ర ముద్రలుండె. ముద్రున్నదే అసలుది అన్నరు. గది తెండ్రి, దాన్నైతె ఇంట" అన్నది.

సీళ్లు ఉంటే వినపడదని, అందుకే తీశామని చెప్పాను. గీకిన లక్క ముక్కలు కూడా రుమాలులోంచి తీసి చూపించాను. ఆమె వాటి వైపు చూడలేదు. మీరు పోలీసులు, అప్పుడొచ్చి ఒకటి వినిపించారు, ఇప్పుడొచ్చి ఒకటి వినిపిస్తున్నారు అన్నది. గొంతులో కోపం కూడా లేదు. డబ్బా నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుంటూ తన గుడిసెకు వెళ్లిపోయింది. అక్క ఆమె వెనకాలే రెండడుగులు వేసి ఆగిపోయింది.

ఆ క్యాసెట్ అక్క దగ్గరే వదిలేసి వచ్చాం. వినడానికి ఆమె దగ్గర మిషన్ లేదు. ఉండనీ సారూ, గొంతన్నా ఇంట్లో ఉంటది అన్నది.

మానుకోట బస్సులో రైటర్ సాబ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి సగమయ్యాక నా వైపు తిరిగాడు.

"మిషన్‌ని నమ్మలే, నిన్ను నమ్మలే, కొడుకసొంటోని గొంతును నమ్మలే. ఆ ముసలవ్వ నమ్మింది ఒక్క నా లక్కనే, తమ్మీ" అన్నాడు.